ఇంటికొచ్చి పిలిచే బడి

బోస్టన్ నగరంలో డోర్చెస్టర్ ఓ పెద్ద పేట. 1630లో విడి ఊరుగా పుట్టి, 1870లో నగరంలో కలిసింది. ఉత్తర అమెరికాలో ప్రజల సొమ్ముతో నడిచిన మొట్టమొదటి ప్రాథమిక పాఠశాల తమదేనని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకునే మేథర్ స్కూలు 1639 నాటిది. పేటను నిలువునా చీల్చుకుంటూ సాగే డోర్చెస్టర్ అవెన్యూని జనం 'డాట్ ఆవ్' అని పొట్టి పేరుతో పిలుచుకుంటారు. తరాలుగా ఉన్న ఐరిష్ కుటుంబాలు, నల్లజాతి కుటుంబాలు, హైతీ నుంచీ కేప్ వెర్డీ దీవుల నుంచీ వియత్నాం నుంచీ వచ్చి స్థిరపడినవాళ్లు ఈ రోడ్డుకు అటూ ఇటూ కాపురాలు పెట్టుకున్నారు. ఫీల్డ్స్ కార్నర్ కూడలి చుట్టూ వియత్నామీ దుకాణాలు ఎంత దట్టంగా ఉంటాయంటే, 2021లో ఆ ప్రాంతాన్ని 'బోస్టన్ లిటిల్ సైగాన్' పేరుతో సాంస్కృతిక ప్రాంతంగా గుర్తించారు.

ఆ రోడ్డు మీదే ఒక చిన్న సర్కారు బడి ఉంది. చాలాకాలం దాని పేరు ప్యాట్రిక్ ఓహెర్న్ ఎలిమెంటరీ స్కూల్. 1989 నుంచి ఆ బడిలో ప్రతి తరగతిలోనూ వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ కలిసి కూర్చుంటున్నారు. ఓహెర్న్ రోజుల్లో బడి మొత్తం మీద 220 మంది దాకా పిల్లలుంటే, దాదాపు మూడోవంతు మంది ప్రత్యేక అవసరాలున్నవాళ్లు. కొందరికి మాట రాదు. కొందరు చక్రాల కుర్చీలో వస్తారు. కొందరికి ఆటిజం, కొందరికి డౌన్ సిండ్రోమ్, కొందరికి అక్షరాలు కూడబలుక్కోవడం కష్టమయ్యే చదువు ఇబ్బంది. వాళ్ల పక్క బల్ల మీద, పై తరగతి లెక్కలు చకచకా చేసేసే పిల్ల.

ఇప్పుడా బడి పేరు విలియం హెండర్సన్ ఇన్‌క్లూజన్ స్కూల్. ఆ పేరు గల మనిషి ఇరవై ఏళ్లు అక్కడ ప్రిన్సిపాల్‌గా చేశారు. ఆయన గురించి చెప్పేముందు, ఆయనకు ముందున్న బోస్టన్ గురించి కొంచెం చెప్పాలి.

వైకల్యమున్న పిల్లలకు చదువు చెప్పాలన్న ఆలోచన ఈ ప్రాంతానికి కొత్త కాదు. చూపులేని పిల్లల కోసం పెర్కిన్స్ పాఠశాల 1829లో ఇక్కడే ఏర్పడింది. హెలెన్ కెల్లర్ చదివింది అక్కడే. బధిర పిల్లలు ఇంటి నుంచే వెళ్లి చదువుకునే హోరేస్ మాన్ పాఠశాల 1869లో తెరిచారు. బుద్ధిమాంద్యం ఉందన్న పిల్లల కోసం 1848లో మొదలైన సంస్థ, తర్వాతి కాలంలో ఫెర్నాల్డ్ స్కూల్‌గా పేరుపడి, వేలమందిని ఇళ్ల నుంచి దూరం చేసి గోడల వెనక ఉంచింది. మంచి మనసుతో మొదలైనవి కొన్ని, చేదు చరిత్రగా మిగిలినవి కొన్ని. అన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: ఈ పిల్లల చోటు వేరు, మిగతా పిల్లల చోటు వేరు.

ఆ గీత చెరిపే పని తల్లిదండ్రులు మొదలుపెట్టారు. బోస్టన్ మారథాన్ చూసేవాళ్లకు రిక్ హోయిట్ పేరు చెప్పక్కర్లేదు. 1962లో సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన పిల్లవాడు. ఏదైనా సంస్థలో చేర్చి మరిచిపొమ్మని డాక్టర్లు చెబితే, అమ్మ జూడీ, నాన్న డిక్ వినలేదు. మాట రాదు కాబట్టి బుర్ర లేదనుకుని బడులు కాదన్నాయి. 1972లో టఫ్ట్స్ యూనివర్సిటీ ఇంజినీర్లు తల కదలికతో అక్షరాలు ఎంచుకునే యంత్రం చేసిచ్చాక, ఆ అబ్బాయి మొదట పలికిన మాట బోస్టన్ ఐస్ హాకీ జట్టుకు జేజేలు. అంటే అన్నాళ్లూ ఇంట్లో జరిగిన ఆటల కబుర్లన్నీ వింటూనే ఉన్నాడు. వైకల్యమున్న ప్రతి పిల్లకూ సర్కారు బడిలో చదివే హక్కు ఉండాలని జూడీ వంటి తల్లులు పోరాడారు. 1972లో, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రం ఆ హక్కునిస్తూ 766వ చట్టం చేసింది. దేశం మొత్తానికీ అలాంటి చట్టం రావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. రిక్ పదమూడేళ్ల వయసులో ఊరి బడిలో అడుగుపెట్టాడు. ఆ తర్వాత బోస్టన్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తిచేశాడు. నాన్న కుర్చీ తోస్తుంటే బోస్టన్ మారథాన్ 32 సార్లు పూర్తి చేశాడు.

766వ చట్టం అమల్లోకి వచ్చింది 1974 సెప్టెంబర్‌లో. అదే నెలలో, నల్ల పిల్లలనూ తెల్ల పిల్లలనూ ఒకే బడుల్లో కలపాలన్న కోర్టు తీర్పు ప్రకారం బోస్టన్‌లో బస్సులు నడవడం మొదలైంది. బస్సుల మీద రాళ్లు పడ్డాయి, వీధులు రగిలాయి. కలిసి చదవడం అన్న మాట ఈ ఊరు ఎంత నెత్తురు చిందించి నేర్చుకుందో తెలిస్తే గానీ, పదిహేనేళ్ల తర్వాత డాట్ ఆవ్ మీద ఆ చిన్న బడి సాధించినదాని విలువ అర్థం కాదు.

విలియం హెండర్సన్‌ను అందరూ బిల్ అంటారు. బోస్టన్ బడుల్లో టీచరుగా ఉన్న రోజుల్లోనే ఆయనకు రెటినైటిస్ పిగ్మెంటోసా అని తేలింది. రేచీకటితో మొదలై, చుట్టూ ఉన్న చూపు కొంచెం కొంచెంగా తరిగిపోయే జబ్బు. చదువు చెప్పే వృత్తి వదిలెయ్యమని డాక్టరు సలహా. ఆయన వదల్లేదు. బ్రెయిల్ నేర్చుకున్నారు, తెల్లకర్ర పట్టుకున్నారు. 1989లో, వైకల్యమున్న పిల్లల తల్లిదండ్రుల పట్టుదల ఫలించి ఓహెర్న్ బడిని అందరూ కలిసి చదివే బడిగా మార్చినప్పుడు దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. 2009లో రిటైరయ్యేనాటికి ఆ బడికి ఆయన పేరే పెట్టారు. చూపు పోవడం తన పనికి ఎలా అక్కరకొచ్చిందో 2011లో ఆయన ఒక పుస్తకం రాశారు. సాయం అడగడం చిన్నతనం కాదని ప్రిన్సిపాలే రోజూ చేసి చూపిస్తుంటే, బల్ల మీది బొమ్మల కార్డు సాయంతో మాట్లాడే పిల్లవాడికి సిగ్గు ఎందుకుంటుంది?

తరగతి లోపల పని ఇలా నడుస్తుంది. ఒక మామూలు టీచరు, ప్రత్యేక విద్యలో శిక్షణ ఉన్న మరో టీచరు కలిసి పాఠం చెబుతారు. సాయానికి ఇంకొకరు ఉంటారు. మాట నేర్పే థెరపిస్టు, చేతులకూ వేళ్లకూ పని నేర్పే థెరపిస్టు పిల్లవాణ్ణి తరచూ బయటి గదికి తీసుకుపోయే బదులు తరగతిలోకే వచ్చి కూర్చుంటారు. కథ చెప్పే వేళ అందరూ కింద గుండ్రంగా కూర్చుంటే, మాట రాని పిల్లకు ఆ కథలో పదే పదే వచ్చే వాక్యం ఒక మీటలో రికార్డు చేసి ఇస్తారు. ఆ వంతు వచ్చినప్పుడు ఆమె మీట నొక్కుతుంది, కథ ముందుకు సాగుతుంది. ఒకే పాఠాన్ని కొందరు చదువుతారు, కొందరు హెడ్‌ఫోన్స్‌లో వింటారు, కొందరు బొమ్మలు వరసగా పేరుస్తారు. వైకల్యం లేని పిల్లలు కూడా వినడానికీ బొమ్మలు పేర్చడానికీ ఎగబడతారన్నది ఇలాంటి తరగతులు నడిపిన టీచర్లందరికీ తెలిసిన సంగతే.

మిగతా పిల్లల చదువు వెనకబడదా? ఈ ప్రశ్న డోర్చెస్టర్‌లోనూ అడిగారు, మన దగ్గరా అడుగుతారు. అమెరికా కేంద్ర ప్రభుత్వంలో ప్రత్యేక విద్యా విభాగానికి అధిపతిగా చేసిన థామస్ హెహిర్, సహ రచయిత్రి లారెన్ కాట్జ్‌మన్‌తో కలిసి బోస్టన్‌లోని ఇలాంటి మూడు బడులను దగ్గరగా చూసి 2012లో పుస్తకం తెచ్చారు. ఓహెర్న్ వాటిలో ఒకటి. ఒక్క పిల్లవాడి కోసం టీచర్లు కలిసి కూర్చుని వెతికే దారి చివరికి ఇరవై మందికీ పనికొస్తుందన్నది ఆ బడుల అనుభవం. బోస్టన్‌లో తల్లిదండ్రులు బడిని ఎంచుకునే పద్ధతి 1989లోనే మొదలైంది కనుక, ఏ బడి మీద ఎవరికి నమ్మకమో దరఖాస్తుల్లో తెలిసిపోతుంది. కాలక్రమంలో ఓహెర్న్‌లో సీటు కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా తయారైంది. ఆ జాబితాలో ఏ వైకల్యమూ లేని పిల్లల తల్లిదండ్రులూ ఉన్నారు.

ఇద్దరు టీచర్లు, థెరపిస్టులు, పరికరాలు. ఇవన్నీ డబ్బుతో కొంతమేరకు వస్తాయి. ఓహెర్న్‌లో నన్ను కట్టిపడేసింది డబ్బుతో రాని ఇంకో ఏర్పాటు.

బడిలో కొత్తగా చేరిన ప్రతి కుటుంబం ఇంటికీ ఓహెర్న్ తరఫున మనుషులు వెళ్లేవారు. వెళ్లేది ప్రిన్సిపాల్ కాదు, ఆఫీసు గుమాస్తా కాదు. అప్పటికే ఆ బడిలో పిల్లల్ని చదివిస్తున్న అమ్మలూ నాన్నలూ. ఇందుకోసం తల్లిదండ్రులతోనే ఒక బృందం కట్టి, వాళ్లకు కాస్త శిక్షణ ఇచ్చేవారు. బొట్టు పెట్టి పేరంటానికి పిలిచినట్టే ఉంటుంది ఆ పద్ధతి. మా బడి ఇలా ఉంటుంది, మీ పిల్లకు ఏది ఇష్టం, మీకేమైనా సందేహాలున్నాయా, ఫలానా రోజు రండి, నేనక్కడ ఉంటాను. ఇంత మాట చాలు.

వైకల్యమున్న బిడ్డను పెంచే ఇంట్లో ఈ పిలుపు ఎంత పెద్దదో ఆలోచించాలి. ఆ తల్లి అప్పటికి ఎన్నో గుమ్మాలు తొక్కి ఉంటుంది. ఆసుపత్రిలో ఫారం, ఆఫీసులో ఫారం, బడిలో ఫారం. ప్రతి చోటా బిడ్డకు రానివేమిటో తన నోటితోనే చెప్పాలి. మాట రాదండి. నడవలేడండి. ఒంటికీ రెంటికీ చెప్పడండి. పదే పదే చెప్పి చెప్పి, బడి అంటే మళ్లీ అదే పాఠం అప్పజెప్పే చోటు అనుకునే మనిషి గుమ్మంలోకి, తనలాంటి ఇంకో అమ్మ వచ్చి కూర్చుంటే సంభాషణ వేరుగా మొదలవుతుంది. వైకల్యం లేని పిల్లల ఇళ్లకూ ఇలాగే వెళ్లడం వల్ల ఇంకో మేలు జరుగుతుంది. తమ పిల్ల పక్కన కూర్చోబోయేది ఎవరో, ఆ బడి తీరేమిటో బడి తెరవకముందే తెలిసిపోతుంది. తెలియనిచోట పుట్టే భయం, తెలిసినచోట పుట్టదు కదా.

బడిలో తల్లిదండ్రులకంటూ ఒక గది ఉండేది. కాఫీ తాగుతూ కూర్చోవచ్చు, ఇంకొకరితో మాట్లాడవచ్చు, తరగతిలో సాయానికి వెళ్లవచ్చు. రాత్రిళ్లు ఇంట్లో పిల్లలతో కలిసి చదువుతామని తల్లిదండ్రులు బడితో ఒప్పందం రాసుకునేవారు. బడి పాలనా మండలిలో టీచర్లతో సమానంగా కూర్చునేవారు. హార్వర్డ్ విద్యా విభాగంలో పనిచేసే కారెన్ మాప్ ఈ బడి తల్లిదండ్రుల్లో పద్దెనిమిది మందితో మాట్లాడి 2003లో పరిశోధనా పత్రం ప్రచురించారు. పిల్లల చదువులో పాలుపంచుకోవాలని తల్లిదండ్రులందరికీ ఉంటుందనీ, బడి వాళ్లను ఆదరంగా పిలిచి, గౌరవించి, పిల్లల చదువుతో ముడివేస్తే వాళ్లు తప్పక వస్తారనీ ఆమె తేల్చారు. పేదవాళ్లకు పిల్లల చదువు మీద శ్రద్ధ ఉండదనే మాట మన స్టాఫ్ రూముల్లో కూడా ఎన్నిసార్లు వినబడుతుందో! ఆ మాట అనేముందు ఈ పద్దెనిమిది మంది చెప్పింది చదవాలి.

ఇలాంటి బడిలో ఏడాది ఎలా గడుస్తుందో చూస్తే ఆ పిలుపు చివరిదాకా ఎలా కొనసాగాలో తెలుస్తుంది. బోస్టన్ సర్కారు బడులు సెప్టెంబర్ మొదట్లో, కార్మిక దినం సెలవు దాటాక తెరుచుకుంటాయి. శరదృతువులో ఒక సాయంత్రం బడి తలుపులు కుటుంబాల కోసం తెరిచి ఉంచుతారు. తరగతి గది చూడొచ్చు, టీచర్లతో మాట్లాడొచ్చు. డోర్చెస్టర్‌లో ఆ సాయంత్రానికి కబురు ఇంగ్లీషులో మాత్రమే పంపితే చాలా ఇళ్లకు చేరదు. స్పానిష్, వియత్నామీ, హైతీ క్రియోల్, కేప్ వెర్డీ క్రియోల్ అన్నీ కావాలి. డిసెంబర్ 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినం. అమెరికాలో ఆ రోజుల్లోనే అందరూ కలిసి చదివే బడుల వారోత్సవాలు జరుపుతారు. జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, ఆ వెనకే వియత్నామీ పిల్లల ఇళ్లలో టెట్ పండుగ. నల్లజాతి చరిత్ర నెల అయిన ఫిబ్రవరిలో వారం సెలవులు. ఏప్రిల్‌లో మూడో సోమవారం మారథాన్, దానితోపాటే ఇంకో వారం సెలవులు.

ఇవన్నీ ఏ బడిలోనైనా ఉండేవే. ఇక్కడ తేడా ముందస్తు ఆలోచనలో ఉంటుంది. మ్యూజియానికి వెళ్లే బస్సుకు చక్రాల కుర్చీ ఎక్కే లిఫ్టు ఉందా? పాటల కార్యక్రమంలో చప్పుడు భరించలేని పిల్లకు పక్కన నిశ్శబ్దంగా ఒక మూల ఉందా? వేదిక మీదికి మెట్లేనా, వాలు దారి కూడా ఉందా? నాటకంలో మాట రాని పిల్లవాడికి పాత్ర ఏమిటి? ఈ బడి మొదటి నుంచీ ఆటపాటలకూ నాటకాలకూ పెద్ద పీట వేసింది. వేషం వేసుకుని వెలుగులో నిలబడ్డ పిల్లవాణ్ణి చూసేటప్పుడు, ప్రేక్షకుల్లో కూర్చున్న పక్కింటివాళ్లు అతని పేరు నేర్చుకుంటారు. అంతవరకూ 'ఆ కుర్చీ పిల్లవాడు' అయినవాడికి వీధిలో పేరు వస్తుంది.

జూన్ మొదటి ఆదివారం డోర్చెస్టర్ డే పెరేడ్. లోయర్ మిల్స్ నుంచి బయల్దేరి డాట్ ఆవ్ మీదుగా ఐదు కిలోమీటర్లు సాగుతుంది. బ్యాండు మేళాలు, క్లబ్బులు, చర్చిలు, వియత్నామీ సంఘాలు, పేట పేటంతా రోడ్డు మీదే. ఊరేగింపు ఈ బడి ముందు నుంచే పోతుంది. ఆ తర్వాత కొద్ది వారాలకు వేసవి సెలవులు.

ఓహెర్న్‌కు కష్టాలు లేవని చెప్పను. ఐదో తరగతి దాటగానే పిల్లలు ఎక్కడికి వెళ్లాలన్నది తల్లిదండ్రులను ఏళ్లపాటు వేధించింది. అన్నేళ్లు అందరితో కలిసి చదివిన పిల్లను ఆరో తరగతిలో మళ్లీ వేరు గదిలో కూర్చోబెడితే చేసిందంతా ఏమవుతుంది? హెండర్సన్ రిటైరయ్యాక బడిని పన్నెండో తరగతి దాకా పెంచారు. చిన్న పిల్లలు పాత భవనంలో, పెద్ద పిల్లలు ఇంకో ప్రాంగణంలో. చిన్న బడికున్న దగ్గరితనం పెద్ద బడిలో నిలవడం తేలిక కాదు. ప్రతి ముఖమూ తెలిసిన చోటు నుంచి, వందల మంది ఉన్న చోటుకు మారినప్పుడు ఇంటింటికీ వెళ్లే పని మరింత గట్టిగా సాగాలి.

మన దగ్గర ఇలాంటి బడికి కావలసిన సరంజామాలో సగానికి పైగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మండలాల్లో సర్కారు బడులకు అనుబంధంగా భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు అక్కడ ఉంటారు, ఫిజియోథెరపీ ఉంటుంది, వైకల్య ధ్రువపత్రం దగ్గర్నుంచి ఉపకరణాల క్యాంపు దాకా దారి చూపిస్తారు. మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వాళ్లే వెళ్లి చదువు చెబుతారు. చాలీచాలని జీతంతో ఈ పని చేసే ఆ మనుషులకు నా నమస్కారం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచి, వివక్ష లేకుండా పిల్లల్ని చేర్చుకుని అందరితో కలిపి చదివించడం బడి బాధ్యత అంది.

అయినా భవిత కేంద్రానికి వచ్చే పిల్లలు ఆ గదికే పరిమితమైపోయే బడులు చాలా ఉన్నాయి. గోడకు ఇవతల భవిత, అవతల మూడో తరగతి. మధ్యాహ్న భోజనం గంట కొట్టినప్పుడు మాత్రం ఒకే వరసలో పళ్లాలు పట్టుకుని నిలబడతారు. డిసెంబర్ 3న వాళ్లకు విడిగా ఆటల పోటీలు పెడతాం, బహుమతులిస్తాం, ఫొటో దిగుతాం. ఆ పోటీల్లో మూడో తరగతి పిల్లలనూ జతచేసి, ఇద్దరేసి చొప్పున జట్లు కడితే ఎలా ఉంటుంది? అందుకు కొత్త జీవో అక్కర్లేదు, హెడ్మాస్టరు తలుచుకుంటే చాలు.

యాజమాన్య కమిటీలో భవిత పిల్లల అమ్మ ఒక్కరైనా ఉన్న బడులు ఎన్ని? వైకల్యమున్న పిల్లను బడికి పంపని ఇంట్లో ఎప్పుడూ వినబడే మాట, "అక్కడ మా పిల్లని ఎవరు చూసుకుంటారమ్మా?" అని. టీచరు వెళ్లి ఎంత నచ్చజెప్పినా ఆ ప్రశ్నకు జవాబు పూర్తిగా దొరకదు. "మా వాణ్ణి నేనూ రెండేళ్లు పంపలేదు వదినా. ఇప్పుడు పంపుతున్నా. రేపు పొద్దున నాతో రా, చూద్దువుగానీ" అని అదే వీధిలో ఉండే ఇంకో అమ్మ అంటే దొరుకుతుంది.

జూన్‌లో మన బడులు తెరుచుకుంటాయి. తెలంగాణలో బడిబాట పేరుతో టీచర్లు కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఈసారి ఆ బృందంలో ఇద్దరు అమ్మలను కూడా కలుపుకోవాలి. ఒకరు భవిత కేంద్రానికి పిల్లను పంపుతున్న అమ్మ, ఇంకొకరు ఆ పిల్ల పక్కన కూర్చునే పిల్లవాడి అమ్మ. రోజు కూలి పోతుంది కనుక వాళ్లకు ఆ పూట కూలి గిట్టుబాటు చెయ్యాలి. ముందుగా వెళ్లాల్సిన ఇళ్ల జాబితా రిసోర్స్ పర్సన్ దగ్గర ఉంటుంది, అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఉంటుంది. యాజమాన్య కమిటీ మే నెలలోనే ఒకసారి కూర్చుని, ఎవరు ఏ వీధికి వెళ్లాలో రాసుకోవచ్చు.